చలికాలపు తూటాలు

పోయిన నెల మా మనవరాలి దుద్దులు చెరిపించి కొత్తగా చేయిద్దామని కంసాలి కొట్టుకు వెళ్లాను. దుద్దులు త్రాసులో వేసే ముందు అతను చెయ్యి చాపి ఫ్యాను ఆపాడు. నేను ఊపిరి బిగబట్టాను. కావాలని చేసింది కాదు. అతను తూచి, ఫ్యాను మళ్లీ వేసి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. బాగానే ఉందన్నాను. గాలి ఆపి తూచే మనిషి ఒకాయన నాకు తెలుసని, ఆయన ఎదురుగా కూర్చుంటే ఊపిరి కూడా పక్కకు తిరిగి వదలాలని అతనికి ఏమని చెప్పను?

ఆయన తూచింది బంగారం కాదు, తుపాకి మందు.

నేను ఒమాన్‌లో నర్సుగా ఉన్న రోజులవి. ఎనభైల చివర వెళ్లి తొంభైలన్నీ అక్కడే గడిపాను. ఆస్పత్రి మస్కట్‌లో, ఇల్లు ఘాలాలో. అక్కడ సెలవు శుక్రవారం కనుక మా తెలుగు విశ్వాసుల ఆరాధన కూడా శుక్రవారమే. ఆయన బర్కా నుంచి తోట పికప్‌లో, ఒక నిమ్మకాయల సంచితో వచ్చేవాడు. బాపట్ల వైపు మనిషి. మన పట్టాళంలో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరయ్యాక, ఆ పనితనం విని పిలిచిన ఒక ఒమానీ పెద్దమనిషి దగ్గర చేరాడు. ఆ పెద్దమనిషి కూడా సైన్యంలో అధికారిగా చేసి దిగినవాడే. యజమానిని అక్కడ అర్బాబ్ అంటారు. మేమూ అలాగే అనేవాళ్లం.

అర్బాబ్‌కు ఖర్జూరాలు, నిమ్మతోట, పశువుల గడ్డి ఉన్నా, మనసంతా తుపాకి గురి మీదే. తోట దాటాక కొండల దాకా పరుచుకున్న గులకరాళ్ల మైదానంలో సొంత రేంజి కట్టించుకున్నాడు. వేట కాదు. కాగితం మీద గురి. ఆ కాగితం కిలోమీటరు దూరాన ఉండేది. మామూలు కంటికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. అంత దూరానికి కొట్టులో దొరికే తూటాలు పనికిరావట. ఒకటి కాస్త ఎక్కువ వేగంతో, ఒకటి కాస్త తక్కువ వేగంతో వెళితే, ఇక్కడ కనిపించని ఆ తేడా అక్కడికి చేరేసరికి జానెడవుతుందట. అందుకని తూటాలను ఒక్కొక్కటిగా చేత్తో తయారుచేయాలి. ఆ పనికే ఆయన్ని తెచ్చుకున్నాడు.

సంఘంలో ఆయన్ని తూటాలన్న అనేవారు. కొందరు ప్రేమగా అనేవారు, కొందరు కాదు. విశ్వాసి చేసే పనేనా అది అని వెనక గొణిగేవాళ్లకు కొదవలేదు. ఒకసారి వాక్యం చెప్పే ఆయన, పాపమంటే గురి తప్పడమని చెప్పినప్పుడు గదిలో ఉన్న తలలన్నీ ఈయన వైపు తిరిగాయి. ఈయన నోట్లో లవంగం నములుతూ కిందికి చూస్తున్నాడు. తర్వాత ప్లేట్లు కడుగుతూ నాతో మెల్లగా అన్నాడు.

"ఒక్కటి తప్పితే ఏం కాదు సిస్టరమ్మా. అయిదు కొడితే అయిదూ తలో దిక్కున పడతాయి చూడు, అదీ పాపం. వాటిల్లో ఒకటి నడిమధ్య పడ్డా అది మన గొప్ప కాదు. అయిదూ ఒక్కచోట పడనీ, ఆ చోటు పక్కకున్నా పర్లేదు. తుపాకి మీది గురి మర తిప్పి దిద్దుకోవచ్చు."

గురి గురించి ఆయనకు బైబిల్లో ఇష్టమైన చోటు ఒకటుంది. బెన్యామీను గోత్రంలో ఎడమచేతి వాటం మనుషులు తలవెంట్రుక మీదికి వడిసెల రాయి విసిరినా తప్పేవారు కాదని ఉన్న చోటు. ఎవరైనా తన పనిని మెచ్చుకుంటే ఆ మాట ఎత్తి, వెంటనే అనేవాడు: "అంత గురుండీ వాళ్లు నిలబడ్డ పక్షం తప్పు గదా. ఊరూ వాడా నాశనమైపోయారు."

ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమవిందులో వడ్డన ఆయనదే. గరిటె అంచుకు అన్నం ఒత్తి, పైన చదును చేసి, అందరికీ ఒకేలా వేసేవాడు. మా నర్సు పిల్లలు ఆటపట్టించేవాళ్లు. "ఒక ముక్క ఎక్కువెయ్యన్నా, తుపాకి పేలదులే" అని. ఆయన నవ్వకుండానే, "నీకెక్కువేస్తే చివర్లో కూచున్న పిల్లకి ఎముకే" అనేవాడు. అయినా వాళ్లు అడిగేవాళ్లు, ఆయన ఆ ఒక్క మాటే మళ్లీ అనేవాడు.

ఒక ఎండాకాలం నేనూ మా ఆయనా ఆ తోటకు వెళ్లాం. నిమ్మతోట చివర చిన్న గది. లోపల ఒక బల్ల, గాజు పెట్టెలో త్రాసు, ఇత్తడి గొట్టాలు వరసగా నిలబెట్టిన చెక్క. పేలిపోయిన తూటా ఖాళీ గొట్టాన్ని ఆయన పట్టాళం అలవాటున ఖోకా అనేవాడు. ఆ ఖోకానే కడిగి, మూతి సరిచేసి, అడుగున నిప్పు రాజేసే చిన్న టోపీ బిగించి, మందు తూచి పోసి, పైన గుండు దించితే మళ్లీ తూటా అవుతుంది. చెప్పడానికి ఇంతే. ఆయన మాత్రం గుండును కొవ్వొత్తి పొగకు నల్లగా చేసి, తుపాకిలో పెట్టి తీసి, లోపలి గాడి ఎక్కడ తాకిందో ఆ మసి మీద గీత వెతుక్కుని, దాని లోతును బట్టి గుండు ఎంత దించాలో తేల్చుకునేవాడు. తూచే ముందు ఏసీ కట్టేశాడు. తలుపు మూశాడు. మాటలొద్దన్నాడు. గది కొలిమి అయింది. చెమట పళ్లెంలో పడకుండా తలకు తువ్వాలు చుట్టుకుని, నుదురు బల్లకు ఆనేంత దగ్గరగా వంగి, పలుకు పలుకుగా మందు రాల్చాడు. అన్నీ నిండాక టార్చి వేసి ఒక్కో గొట్టంలోకి చూశాడు, ఏ ఒక్కదానిలోనైనా మట్టం ఎక్కువ తక్కువ ఉందేమోనని. ప్రార్థనలో కూడా నేను అంత నిశ్శబ్దంగా కూర్చుని ఎరగను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అదే లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మందు చలికి మందగిస్తుంది, ఎండకు రెచ్చిపోతుంది. అందుకని చలికాలంలో ఒక పలుకు ఎక్కువ పోసి, ఎండాకాలంలో తగ్గించేవాడు. చలికాలపు తూటా ఎండలో కాల్చకూడదు. ఒత్తిడి పెరిగి తుపాకి వెనక్కి తన్నుతుంది. కాబట్టి ఏటా ఎండలు ముదిరే ముందు, మిగిలిన చలికాలపు తూటాలన్నీ విప్పేసేవాడు. గుండు ఊడబెరికి, మందు నిమ్మచెట్ల మొదట్లో పారబోసేవాడు.

ఆ విప్పే పనికి ఆయన ఒక రోజు పెట్టుకున్నాడు. మంచి శుక్రవారానికీ ఈస్టరుకూ మధ్య శనివారం. ప్రభువు సమాధిలో ఉన్న రోజున నా చేత్తో చేసిన మరణాన్ని నేను విప్పేస్తాను అనేవాడు. ఆ ఏర్పాటు ఆయనకు ఎలా తోచిందో గానీ, ఒక ఈస్టరు రోజున సాక్ష్యంగా చెప్పినప్పుడు గదిలో కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు. గొణిగినవాళ్లు కూడా ఆ రోజు లేచి ఆయన చెయ్యి పట్టుకున్నారు. మా సంఘ పెద్ద, ఆస్పత్రి ల్యాబులో పనిచేసే రాజమండ్రి ఆయన, ఆ మాటను ప్రసంగాల్లో వాడుకునేవారు. ఏటా ఆ శనివారం ఆయన ఉపవాసముండి విప్పేవాడు. తర్వాతి కూడికలో మేం అడిగేవాళ్లం, ఆయన చెప్పేవాడు.

కొన్నేళ్లు ఈస్టరు తొందరగానే వచ్చింది, ఎండ ఆలస్యంగా వచ్చింది. తొంభైల మొదట్లో ఒక యేడు ఈస్టరు ఏప్రిల్ నెల నడిమికి జరిగింది. ఎండ దానికోసం ఆగలేదు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల వారం మొదట్లోనే ఎడారి వైపు నుంచి వడగాలి తోలింది. అర్బాబ్ కొడుకు చదువు ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చాడు. ఇరవై దాటిన కుర్రాడు. ఆయన్ని చాచా అని పిలిచేవాడు. తుపాకి పట్టడం ఈయన దగ్గరే నేర్చుకున్నాడు. ఆ వారం మధ్యలో ఒకరోజు, ఇంకా విప్పని చలికాలపు తూటాల పెట్టెను బండిలో పెట్టి, బండిని ఎండలో ఉంచి, నమాజు చేసుకుని భోంచేసి రేంజికి వెళ్లాడు. ఈయన అప్పటికే అవతల కొసన, గుంటలో దిగి కాగితాలు అతికిస్తున్నాడు, ఏ పెట్టె వచ్చిందో చూడలేదు. మొదటి తూటా పేలాక, తుపాకి వెనక మూసే బోల్టు బిగుసుకుంది. అలా బిగిసిందంటే ఒత్తిడి ఎక్కువైందని, ఇక కాల్చకూడదని అర్థం. ఈయన పక్కనుంటే అక్కడే ఆపేసేవాడు. కుర్రాడు దుమ్ము పట్టిందేమో అనుకుని, అరచేత్తో కొట్టి బోల్టు తెరిచి, ఇంకొకటి పెట్టాడు. అడుగునున్న టోపీ చిట్లి, మంటా ఇత్తడి రజనూ వెనక్కి వచ్చి కుడి కంట్లో పడ్డాయి.

అప్పుడు నా డ్యూటీ కంటి వార్డులో. ఆపరేషన్ చేశారు. కన్ను మిగిలింది గానీ చూపు మిగల్లేదు.

ఈయన వార్డు బయట గోడకానుకుని కింద కూర్చున్నాడు. సంఘ పెద్ద ల్యాబు నుంచి వచ్చి పక్కన కూర్చున్నారు. విషయమంతా విన్నాక గొంతు తగ్గించి చెప్పారు, నేను వింటూనే ఉన్నాను.

"ఎండ ముందొచ్చిందని చెప్పండి. పెట్టె బండిలో ఉంచేశాడని చెప్పండి. రెండూ నిజాలే కదండీ. శనివారం మాట మాత్రం ఎత్తకండి. మనం ఇక్కడ వీళ్ల దయ మీద కూడుకుంటున్నాం. క్రైస్తవుడు వాడి పండగ కోసం ఆగితే పిల్లాడి కన్ను పోయిందని ఒక్కడంటే చాలు."

ఈయన తన గోళ్లు చూసుకుంటూ అన్నాడు, "రెండు నిజాలు పైన కప్పి మూడోదాన్ని దాచమంటారా అయ్యా?"

"దాచమనట్లేదండీ. అడగంది చెప్పొద్దంటున్నాను."

"నాకు తెలుసయ్యా. సోమవారం గది తలుపు తీసినప్పుడే తెలుసు, ఎండొచ్చేసిందని. ఇంక అయిదు రోజులే గదా, శనివారం రానీలే అనుకున్నా. మీరందరూ అడుగుతారు గదా అనుకున్నా."

మా సంఘ పెద్ద చెడ్డవాడు కాదు. ఆ కూడికను నిలబెట్టడానికి ఆయన పడ్డ పాట్లు నాకు తెలుసు. లేచి, నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయారు.

అర్బాబ్ డాక్టరు గది నుంచి బయటికి వచ్చాడు. ఈయన లేచి, పట్టాళంలో నిలబడ్డట్టు నిలబడి, హిందీలో మొత్తం చెప్పాడు. పండగ, శనివారం, సాక్ష్యం, అన్నీ. అర్బాబ్ పూర్వీకులు బలూచీలు, ఆయనకు ఉర్దూ బాగా వచ్చు. చివరిదాకా నిలబడి విన్నాడు.

"నువ్వు చెప్పకపోతే నాకిది తెలిసేది కాదు," అన్నాడు అర్బాబ్.

"తెలిసేది కాదు, అర్బాబ్."

"నీ దేవుడి రోజు నా కొడుకు కన్నుకంటే ఎక్కువా?"

"కాదు," అన్నాడు ఈయన. "ఆయనెప్పుడూ అలా అనలేదు. నేనే అనుకున్నా."

నా చెవులతో విన్న విశ్వాసపు ఒప్పుకోళ్లలో అంత సూటిగా ఉన్నది ఇంకొకటి లేదు. కానీ అర్బాబ్ చెయ్యి పట్టుకోలేదు, తిట్టలేదు, కొట్టలేదు. తూటాల గదికి తాళం పడింది. ఈయన్ని ఇంటికి పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. ఈయన తనంతట తనే గడ్డి కోసే పనివాళ్లతో కలిసిపోయాడు. మా కూడికకు మాత్రం ఏమీ కాలేదు. ఒక్కరూ ఒక్క మాటా అనలేదు.

మారింది ఈయనే. ఆరాధనకు వచ్చేవాడు, పాటలు పాడేవాడు, వడ్డించేవాడు. ప్రభురాత్రి భోజనం దగ్గరికి వచ్చేసరికి రొట్టె పళ్లేన్నీ గిన్నెనూ ముట్టకుండా పక్కవాళ్లకు అందించేవాడు. మొదట్లో పెద్ద ఊరుకున్నారు. తర్వాత విడిగా పిలిచి, యోగ్యుణ్ణి కాననుకునేవాడికే ఆ ప్రభువు బల్ల అని చెప్పారు. నేనూ చెప్పాను, ఎన్నిసార్లు చెప్పానో. క్షమాపణ మనం సంపాదించుకునేది కాదన్నా, ఆ పని సిలువ మీదే అయిపోయింది అన్నాను.

"ఆయన వైపు నుంచి అయిపోయింది సిస్టరమ్మా. కాదన్లేదు," అన్నాడు. "ఆ పిల్లాడి కన్ను వైపు నుంచి కాలేదు."

ఆ కుర్రాడు మాత్రం ఈయన్ని వదల్లేదు. గాయం మానాక తుపాకి ఎడమ భుజానికి మార్చుకున్నాడు. బోల్టు కుడిపక్కనే ఉంటుంది కనుక ప్రతిసారీ మీదుగా చెయ్యి వేసి తిప్పుకోవాలి. పెద్ద అవస్థ. కొన్న తూటాలతో కాల్చి కాల్చి విసిగిపోయి, ఒకరోజు గడ్డి మడిలో ఈయన పక్కన కూర్చుని, చాచా, నేను మాఫ్ చేశాను, మళ్లీ తూటాలు చెయ్యి అని అడిగాడట. ఈయన తలెత్తకుండా కొడవలి ఆడిస్తూనే ఉన్నాడట. అలా ఒక యేడు కాదు. చివరికి అర్బాబే తాళంచెవి తెచ్చి గడ్డి మోపు మీద పెట్టి వెళ్లాక ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. ఏ కొత్త తూకమైనా ముందు తనే కాల్చాలి. తూటాలు ఎండలో పడి బాగా కాగాలి, పొద్దు నడినెత్తిన ఉండాలి. తన చెంపకు ఆనిన తుపాకిలో అయిదూ నెమ్మదిగా పేలితేనే కుర్రాడు దాన్ని ముట్టుకోవాలి.

అప్పటికి ఆయన కళ్లు మందగించాయి. కాగితం మీద తన గుండ్లు ఎక్కడ పడ్డాయో ఆయనకు కనపడేది కాదు, చూసేవాడు కూడా కాదు. ప్రతి దెబ్బకూ బోల్టు ఎలా లేచిందో వేలితో చూసుకుని, ఖోకా అడుగును తడిమి చూసి పక్కన పెట్టేవాడు. కంటికి దెబ్బ తగలకుండా కుర్రాడు అద్దాలు తెచ్చిచ్చినా పెట్టుకునేవాడు కాదు.

షుగరు, బీపీ రెండూ పట్టుకున్నాయి. నేను మందులిచ్చేటప్పుడు గట్టిగానే అడిగాను. "ఇదేం పనన్నా? సాయంత్రం పూట కాల్చు. అద్దాలు పెట్టుకో. నీ కన్ను కూడా పోతేగానీ నీకు నెమ్మది ఉండదా?"

ఆయన మాత్రలు జేబులో వేసుకుంటూ అన్నాడు, "పోలేదు గదమ్మా. ఇన్నేళ్లయింది, ఒక్కటీ వెనక్కి పేలలేదు."

ఆ మాటలో సంతోషం లేదు. ఆయన దేనికోసం ఎదురుచూస్తున్నాడో అప్పుడు తెలిసింది. ఆ రాత్రి మోకాళ్ల మీద ఆయన కోసం ఏడ్చాను. ఒక తండ్రి, ఒక కొడుకు ఇచ్చేసినదాన్ని తీసుకోలేక, ఇంకెవరో వచ్చి తన దగ్గర వసూలు చేసుకోవాలని చూస్తున్న మనిషి కోసం నాకు తెలిసిన ప్రార్థన ఏదీ సరిపోలేదు.

తొంభైల చివర, జూన్‌లో, కుర్రాడే ఆయన్ని బండిలో వేసుకుని తెచ్చాడు. అప్పటికి నన్ను క్యాజువాలిటీకి మార్చారు. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట లేదు. తుపాకికి ఏమీ కాలేదు. అయిదూ కాల్చి, చాప మీద అలాగే చెంప ఆనించి ఉండిపోయాడట. బోల్టు చూసుకుంటున్నాడనుకున్నాడట కుర్రాడు. ఐసు పెట్టాం, సెలైన్ ఎక్కించాం, చేయాల్సినవన్నీ చేశాం. గంట తిరగకుండానే పోయాడు.

కాగితాల పని నేనే చూశాను. బయటికి వస్తే కుర్రాడు వరండాలో నిలబడి ఉన్నాడు. ఇప్పుడతను కుర్రాడు కాదు, ఇద్దరు బిడ్డల తండ్రి. నేను కుడి పక్కనుంచి రావడంతో నన్ను చూడలేదు. దగ్గరికి వెళ్లి పలకరిస్తే తల పూర్తిగా తిప్పి చూశాడు. అతని పొడవాటి దిష్‌దాషా అంగీ మీద ముందంతా మైదానపు మట్టి. ఈయన్ని ఎత్తుకుని బండిదాకా నడిచినట్టున్నాడు.

"సిస్టర్," అన్నాడు ఉర్దూలో, "నేను ఎప్పుడో మాఫ్ చేశాను. నోటితో చెప్పాను. చాలాసార్లు చెప్పాను."

"తెలుసు," అన్నాను.

"మా నాన్న కూడా చేశాడు. నోటితో చెప్పే మనిషి కాదు గానీ చేశాడు." నా వైపు ఇంకాస్త తిరిగాడు. "మీ దాంట్లో మాఫీ చెల్లాలంటే చేసినవాడు ఇంకేమైనా చెయ్యాలా? ఏదన్నా ఉంటే, మేం చెయ్యకుండా వదిలేశామా?"

"లేదు," అన్నాను. "ఇంకేమీ లేదు. మీరు చేసింది చాలు."

అతను తల ఊపాడు. గోడకానుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు.

"మరి ఆయన ఎందుకు తీసుకోలేదు?" అని అడిగాడు.